నేలను పొరలుగా చదివే స్టూడియో

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పీజీ కోర్సుకు ఆయువుపట్టు స్టూడియో. సెమిస్టర్‌కో స్థలం ఇస్తారు. అది ఎకరం పార్కు కావచ్చు, ఒక నది పరీవాహక ప్రాంతమంతా కావచ్చు. విద్యార్థులు అక్కడ తిరిగి, కొలిచి, గీసి, చివరికి జ్యూరీ ముందు షీట్లు తగిలించి చీవాట్లు తింటారు. ఇది లాన్లు, పూలకుండీలు, ఫౌంటెన్లు అమర్చే చదువన్న అపోహ మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే, ఈ పట్టా అందుకున్నవారిని బంధువులు బాల్కనీలో గులాబీ ఎందుకు పూయడం లేదని అడుగుతుంటారు. మొక్కల సంగతి తెలియాల్సిందే. కానీ అంతకుముందు రాయి, నీరు, మట్టి, వాలు తెలియాలి.

అమెరికాలో ఈ చదువును 1900లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రత్యేక కోర్సుగా మొదలుపెట్టింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరైన ఓమ్‌స్టెడ్ కుమారుడు దానికి సారథి. తొలినాళ్లలో పార్కులు, ఎస్టేట్లు, నగర ప్రణాళికలే పాఠాలు. ఈ చదువు తీరు మారింది ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. స్కాట్లాండ్‌లో పుట్టిన ఇయాన్ మెక్‌హార్గ్ 1950ల మధ్యలో అక్కడ ఈ విభాగాన్ని నెలకొల్పారు. పోనుపోను భూగర్భ శాస్త్రవేత్తలను, నేలల నిపుణులను, జీవావరణవేత్తలను, మానవ శాస్త్రవేత్తలను కూడా అధ్యాపకులుగా తెచ్చుకున్నారు. 1960ల మధ్యలో ఆయన విద్యార్థులు పొటోమాక్ నది పరీవాహకాన్నే స్టూడియో పనిగా తలకెత్తుకున్నారు. 1969లో వెలువడిన ఆయన పుస్తకం ‘డిజైన్ విత్ నేచర్’లో ఆ పనికి చోటు దక్కింది. అట్ట మీద పేరు గురువుదే అయినా, లోపలి పటాల్లో శిష్యుల చెమట చాలానే ఉంది.

ఆ పటాల వెనకున్న పద్ధతిని ఓవర్‌లే అంటారు. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో రిచ్‌మండ్ పార్క్‌వే అనే రహదారిని ఎటు వేయాలన్న ప్రశ్నకు మెక్‌హార్గ్ బృందం చెప్పిన జవాబు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. పారదర్శకమైన షీట్లు తీసుకున్నారు. ఒకదాని మీద వాలు, ఒకదాని మీద వాననీరు పోయే తీరు, వేరేదాని మీద అడుగురాతి గట్టిదనం, ఇంకోదాని మీద కోతకు లొంగే మట్టి. ఆ తర్వాత అడవి, వన్యప్రాణులు, చారిత్రక స్థలాలు, ఇళ్లు, భూముల విలువ, ఒక్కోదానికీ ఒక్కో షీటు. ప్రతి షీటులోనూ మూడే స్థాయిలు. రోడ్డు పడితే బాగా నష్టమయ్యే చోట ముదురు ఛాయ, ఓ మోస్తరు నష్టమైతే లేత ఛాయ, నష్టం పెద్దగా లేకపోతే ఖాళీ. అన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి వెలుతురుకు పెడితే అభ్యంతరాలు పోగుపడ్డ చోటు నల్లబడుతుంది. అన్నిటికన్నా తక్కువ నష్టం ఉన్న దారి తెల్లగా బయటపడుతుంది. ఇలా పటాలు పేర్చడం కొత్తేమీ కాదు. వారెన్ మ్యానింగ్ అనే డిజైనర్ 20వ శతాబ్దం తొలినాళ్లలోనే చేశారు. దాన్ని ఒక క్రమమైన పద్ధతిగా మార్చి, తరగతులకు తరగతులకే నేర్పింది మాత్రం మెక్‌హార్గ్.

పెళ్లి సంబంధం చూడడమూ ఇలాగే సాగుతుంది. పెదనాన్న ఆస్తిపాస్తులు విచారిస్తాడు, మేనత్త గుణగణాలు, బాబాయి ఉద్యోగం. ఎవరి జాబితా వారిది. ఎవరూ కాదనని సంబంధం మిగులుతుంది. అయితే మేనత్త మాటకున్న బరువు బాబాయి మాటకు ఉండదు. షీట్ల మీద మాత్రం అన్నిటికీ ఒకే సిరా. రెండు చిన్న వంకలు కలిస్తే ఒక పెద్ద లోపమవుతుందా? ‘జీతం కాస్త తక్కువ’, ‘ఊరు కాస్త దూరం’ అన్నవి కూడితే ‘తాగుతాడు’ అన్నదానికి సమానమా? సరిగ్గా ఈ లెక్కనే 1977లో లూయిస్ హాప్కిన్స్ అనే పరిశోధకుడు తప్పుపట్టారు. ముదురు, లేత అన్నవి వరుసను చెబుతాయే గానీ కొలతలు కావు, వాటిని కూడడం చెల్లదు. పైగా కొన్ని అంశాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. నిటారు వాలు ఒక్కటే ఉన్నా, వదులు మట్టి ఒక్కటే ఉన్నా నిలదొక్కుకునే నేల, రెండూ ఒకచోట చేరితే జారిపోతుంది. ఇద్దరు కోపిష్టి మనుషులు ఒక ఇంట్లో ఎలా ఉంటారో విడివిడి జాబితాలు చెప్పలేవు కదా.

షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిన కథలోనూ ఈ చదువుకు వాటా ఉంది. 1965లో హోవర్డ్ ఫిషర్ హార్వర్డ్ డిజైన్ స్కూల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ల్యాబ్ పెట్టారు. అక్కడ లైన్ ప్రింటర్‌తో అక్షరం మీద అక్షరం కొట్టి ఛాయలు తెప్పించేవారు. కార్ల్ స్టైనిట్జ్ విద్యార్థులతో కలిసి డెల్మార్వా ద్వీపకల్పం పటాలను ఆ పద్ధతిలోనే చేశారు. అదే ల్యాబ్‌లో పనిచేసి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ పట్టా పొందిన జాక్ డాంజర్‌మండ్, 1969లో భార్య లారాతో కలిసి ఎస్రీ సంస్థను స్థాపించారు. పటాలను కంప్యూటర్‌లో పొరలుగా పేర్చేందుకు ఇవాళ ప్రపంచమంతా వాడే జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పేరు దానిదే. కెనడాలో రోజర్ టామ్లిన్సన్ వేరే దారిలో ఇదే పని అప్పటికే మొదలుపెట్టారు గనక ఘనతంతా హార్వర్డ్‌కు కట్టబెట్టనక్కర్లేదు.

మెక్‌హార్గ్ దగ్గర చదివిన ఆన్ విస్టన్ స్పర్న్, తానూ పెన్సిల్వేనియాలో అధ్యాపకురాలయ్యాక, 1987లో వెస్ట్ ఫిలడెల్ఫియాలో పని మొదలుపెట్టారు. అక్కడ మిల్ క్రీక్ అనే వాగును 19వ శతాబ్దం చివర్లో మురుగు గొట్టంలోకి మళ్లించి, లోయను పూడ్చి ఇళ్లు కట్టారు. తర్వాత దశాబ్దాల పాటు అక్కడ నేల కుంగుతూనే ఉంది, ఇళ్లు కూలుతూనే ఉన్నాయి. పేటలో ఖాళీ స్థలాలు పెరగడానికి జనం వెళ్లిపోవడం ఒక్కటే కారణమని అంతా అనుకునేవారు. పాత వాగు పటం మీద ఖాళీ స్థలాల పటం పరిస్తే, రెండూ చాలా చోట్ల ఒకే గీత మీద పడ్డాయి. స్పర్న్ విద్యార్థులు స్థానిక మిడిల్ స్కూలు పిల్లలకు ఆ పటాలు చదవడం నేర్పారు. ఖాళీ స్థలాల్లో వాననీటిని ఇంకించి మురుగు గొట్టాల మీద భారం తగ్గించాలన్నది ఆమె ప్రతిపాదన. ఇంచుమించు అదే దారిలో వాననీటి పథకాన్ని నగరం 2011లో చేపట్టింది.

వాగును మరిచి ఇళ్లు కట్టే అలవాటు ఇక్కడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలామందికి తొలిసారి అర్థమైంది, ఏరు దారి ఇల్లు కొనే ముందు అడగాల్సిన విషయమని. మన దగ్గర స్థలం కొనేవారు ఈశాన్యం పెరిగిందో లేదో వాస్తు పండితుణ్ణి పిలిచి మరీ చూపిస్తారు. వాన పడ్డాక నీరు ఎటు పోతుందని మాత్రం ఎవరినీ అడగరు. నీటికి దిక్కులతో పని లేదు, వాలుతోనే పని. పెన్సిల్వేనియాలోనే బోధించిన అనురాధా మాథుర్, దిలీప్ డకున్హాతో కలిసి ఈ ప్రశ్నను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లారు. బెంగళూరు నేల మీద 2006లో ‘డెక్కన్ ట్రావర్సెస్’, ముంబై మీద 2009లో ‘సోక్’ వెలువరించారు. రుతుపవనాల దేశంలో నీటికీ నేలకూ మధ్య పటంలో ఒకే గీత గీయడంలోనే లోపం ఉందని వారి వాదన. ఓవర్‌లే షీట్లన్నీ అలాంటి గీతల మీదే నిలబడ్డాయి మరి.

అమెరికాలో ఆర్కిటెక్చర్ వంటి డిజైన్ కోర్సులు చదివి వచ్చినవారికి ఈ డిగ్రీ సాధారణంగా రెండేళ్లు, వేరే చదువులవారికి మూడేళ్లు. అందుకే ఒకే స్టూడియోలో వృక్షశాస్త్రం, చరిత్ర, ఇంజినీరింగ్ చదివినవారు పక్కపక్కన కూర్చుంటారు. మన దగ్గర 2008లో మొదలైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో కూడా ఈ కోర్సు ఉంది. కానీ మన దేశంలో ఇది ఎక్కువగా ఎం.ఆర్క్‌లో ఒక శాఖ కావడంతో సీట్లు చాలావరకు బి.ఆర్క్ చదివినవారికే. మెక్‌హార్గ్ భూగర్భ శాస్త్రవేత్తను అధ్యాపకుడిగా పిలిచారు. మన స్టూడియోల్లో జియాలజీ చదివిన విద్యార్థి కనిపించడమే అరుదు.