తలుపుకు తాళం ఎవరేసిండ్రు?

పోయిన నెల మా మనుమరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చి నా చేతుల పెట్టింది. తొమ్మిదో తరగతి చదువుతున్నది. “తాతా, నన్ను బంగ్లాదేశ్ చేసిండ్రు” అన్నది. నాకు సమజ్ కాలేదు. నేను చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా ముంబై మిల్లులల్ల, భివండీ సాంచాల మధ్యనే.

ఆమె విడమరిచి చెప్పింది. ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు ఉన్నయి. ఆ దేశాల ప్రతినిధులు కూర్చుని మాట్లాడినట్టే పిల్లలు కూర్చుని మాట్లాడే సభ ఒకటి పెడతరట. దాన్ని మోడల్ యుఎన్ అంటరు. ఒక్కో పిల్లకు ఒక్కో దేశం ఇస్తరు. సొంత అభిప్రాయం చెప్పొద్దు, ఆ దేశం సర్కారు ఏం అంటదో అదే చెప్పాలె. ‘నేను’ అని కూడా అనొద్దు, ‘బంగ్లాదేశ్ కోరుతున్నది’ అనాలె. చివరికి అందరు కలిసి తీర్మానం రాసి ఓటేస్తరు. యుద్ధాలు, నీళ్ల తగాదాలు, ఇల్లు వాకిలి విడిచి పారిపోయిన జనం, లోకంలో తెగని పంచాయితీలన్నీ అక్కడికొస్తయి.

మా కొడుకు ముఖం చిన్నబోయింది. ఫీజు కట్టాలె, నల్ల కోటు కావాలె. “అది ఉన్నోళ్ల పిల్లల ఆట నాయనా, మనకెందుకు?” అన్నడు. నేను కూడా ఊకున్న. ఊరికే, ఇంతకీ దేని మీద మాట్లాడాలె బిడ్డా అని అడిగిన. బట్టల ఫ్యాక్టరీలల్ల పనిచేసేటోళ్ల ప్రాణాల భద్రత మీద, అన్నది. అప్పుడు నేను “ఫీజు నేను కడత” అన్న. కోటు పక్కింటోళ్ల పిల్లది అడిగి తెచ్చినం.

రోజూ సాయంత్రం ఆమె చదివేది, నేను వినేటోన్ని. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల బిల్డింగు కూలింది. అందులో ఐదు బట్టల ఫ్యాక్టరీలు ఉండె. 1,134 మంది చచ్చిపోయిండ్రు. రెండున్నర వేల మందికి దెబ్బలు తగిలినయి. ముందటి రోజే గోడలకు పగుళ్లు కనబడ్డయి. కింద ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేసిండ్రు. కుట్టుపని వాళ్లను మాత్రం తెల్లారి మళ్లీ లోపలికి పిలిచిండ్రు. రాకపోతే జీతం ఇయ్యమన్నరని బతికినోళ్లు చెప్పిండ్రు. అప్పుడు అక్కడ కనీస జీతం నెలకు 3,000 టాకాలు.

అంతకు ఐదు నెలల ముందు, 2012 నవంబర్ 24న, అదే ఢాకా పక్కన తజ్రీన్ ఫ్యాక్టరీల నిప్పంటుకుని 112 మంది పోయిండ్రు. తలుపులకు తాళాలు ఉండె. ఇంకా వెనకకు పోతే 1911ల అమెరికా న్యూయార్క్‌ల ట్రయాంగిల్ అనే కుట్టు ఫ్యాక్టరీల నిప్పంటుకుని 146 మంది చచ్చిపోయిండ్రు. అక్కడ కూడా తలుపుకు తాళమే.

“తాతా, లోపల మనుషులుంటే తాళం ఎందుకేస్తరు?” అని అడిగింది.

అప్పుడు నేను ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పిన. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెల రెండున్నర లక్షల మందిమి బయటికొచ్చినం. మళ్లీ లోపలికి పోలేనోళ్లల్ల నేనొకన్ని. భివండీకొచ్చి పవర్‌లూమ్‌ల చేరిన. రాత్రి పాళీల శేఠ్ మనిషి షటర్‌కు బయట తాళం వేసి ఇంటికి పోయేటోడు. తానులు దొంగతనం పోతయని, మేము చాయ్‌కి పోయి సాంచాలు ఆపుతమని. ఒక రాత్రి మోటరు కాడ నిప్పురవ్వ లేచి దూది దుమ్ముకు అంటుకున్నది. పొగకు ఒకరికొకరం కనబడలేదు. ఇనుప కడ్డీతో పైన సిమెంటు రేకు పగలగొట్టి తొమ్మిది మందిమి బయటపడ్డం. నా ఎడమ చేతి మీద మచ్చ అప్పటిదే. వేడి గంజి పడ్డదని మీ నాయనమ్మకు చెప్పిన. నిజం చెప్తే రాత్రి పనికి పోనియ్యదు, పోకపోతే కిరాయి ఎట్ల?

“మళ్లీ ఆ షెడ్డుకే పోయినవా?”

“మూడో నాడే పోయిన.”

శానాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “మరి తప్పు వాళ్లదైనంక నేను ఆ సర్కారు తరఫున ఎట్ల మాట్లాడాలె?” అన్నది.

నేను చెప్పిన: తప్పు ఉన్నోని తరఫున కూడా ఒక లెక్క ఉంటది, అది తెలుసుకో. మా శేఠ్ సొంత బట్ట నేసేటోడు కాదు. వ్యాపారి నూలు ఇస్తె మీటరుకింత అని నేసి ఇచ్చేటోడు. రేటు పెంచమంటే వ్యాపారి ఇంకో షెడ్డుకు పోతడు. బంగ్లాదేశ్ సంగతీ అంతే. ఆ దేశం బయటికి అమ్మే సరుకుల ఐదింట నాలుగు వంతులు బట్టలే. పెద్ద కంపెనీ ధర తగ్గించమంటే తగ్గించాలె, లేకుంటే ఆర్డరు వేరే దేశానికి పోతది. తాళం వేసింది శేఠే, అందుకు శిక్ష పడాలె. కానీ ఆ తాళం వెనక ధర కూడా ఉన్నది.

ఆమె ఇంకా వెతికింది. రాణా ప్లాజా తర్వాత 2013 మేల బట్టల కంపెనీలు, యూనియన్లు కలిసి అకార్డ్ అనే ఒప్పందం రాసుకున్నయి. ఉత్తమాట కాదు, తప్పితే కేసు వేయొచ్చు. 200కు పైగా కంపెనీలు సంతకం పెట్టినయి. సుమారు 1,600 ఫ్యాక్టరీల తలుపులు, మెట్లు, కరెంటు తీగలు తనిఖీ చేసిండ్రు. 2022 జూన్‌ల అంతర్జాతీయ కార్మిక సంస్థ భద్రమైన పనిచోటును కార్మికుల మూల హక్కుల్లో చేర్చింది.

ఆ సంస్థ 1919ల పుట్టింది. దాని సభకు ఒక్కో దేశం నుంచి నలుగురు పోతరు. సర్కారు వాళ్లు ఇద్దరు, యజమానుల మనిషి ఒకడు, కార్మికుల మనిషి ఒకడు. కార్మికుని ఓటు కార్మికునిదే. వాషింగ్టన్‌ల జరిగిన మొదటి సభకు మన దేశం నుంచి కార్మికుల తరఫున పోయింది నారాయణ మల్హార్ జోషి. లోయర్ పరేల్‌ల ఎన్.ఎం. జోషి మార్గ్ ఆయన పేరే. మేము డిలైల్ రోడ్ అనేటోళ్లం. ఆ రోడ్డు మీద ఆరేండ్లు పాళీకి నడిచిన, ఆయన ఎవరో మనుమరాలు చెప్తే తెలిసింది.

సభ చివరి రోజు తల్లిదండ్రులను వెనక కూర్చోనిచ్చిండ్రు. ఇంగ్లీషు నాకు రాదు. ‘డోర్’, ‘లాక్’ అన్న మాటలు మాత్రం పట్టుకున్న. ఇంటికొచ్చేటప్పుడు బస్సుల ఆమె మొత్తం చెప్పింది. ఒక పిల్లగాడు అమెరికా తరఫున లేచి, నేరమంతా మీ ఫ్యాక్టరీలదే అన్నడట. ఈమె “మా నేరం ఒప్పుకుంటున్నం. మీరు చొక్కాకు ఇచ్చే ధరల తలుపు ఖర్చు ఎంత కలిపిండ్రో చెప్పండి” అని అడిగిందట. ఇంకో మాట కూడా అన్నది: “అసలు సభల నా పక్కన ఒక కార్మికుడు కూర్చోవాలె. ఇక్కడ ఆ కుర్చీ లేదు.” తీర్మానంల లోపల మనుషులుండగా తలుపుకు తాళం వేయొద్దన్న మాట చేరింది. ప్రైజు మాత్రం వేరే పిల్లకొచ్చింది.

అన్నలారా, అక్కలారా, మన సంఘం ఏటా మార్కులకు బహుమతులిస్తది. ఇట్లాంటి సభల ఫీజుకు కూడా కొంత పక్కకు పెట్టాలని నా మనవి. పిల్లలకు ఇంగ్లీషు బడి నేర్పుతది. లోపల ఏం జరిగిందో మనమే చెప్పాలె. మచ్చలు దాచిపెడితే వాళ్లకు ఎవరు చెప్తరు?

బస్సు దిగంగనే ఆమె అడిగింది: “ఇప్పుడు మన గల్లీల షెడ్లకు రాత్రి తాళం వేస్తరా తాతా?” అన్నం తిన్నంక ఇద్దరం పోయి చూసినం. నాలుగు షెడ్లల్ల ఒకదానికి బయట తాళం ఉన్నది. లోపల సాంచాల చప్పుడు వినబడుతున్నది.

తెల్లారి ఆ శేఠ్ దగ్గరికి పోయి మాట్లాడిన. ఇంకొక తాళంచెవి లోపల మనిషి చేతికిచ్చినా బయటి తాళం తీయరాదు కదా అని ఒప్పించిన. ఇకనుంచి తాళం బయట వేయను, లోపలి నుంచి గొళ్లెం పెట్టుకొమ్మంట అన్నడు. ఆ మాట మీద నిలబడ్డడా లేదా అని నేను రోజూ రాత్రి ఒకసారి పోయి చూసొస్తున్న.