సిటిజన్‌షిప్ లేకపోయినా ఓటు.. అమెరికాలో ఈ చిన్న సిటీ రూటే వేరు!

అమెరికాలో ఓటేయాలంటే సిటిజన్ అయి ఉండాల్సిందే అనుకుంటున్నారా? టకోమా పార్క్‌లో అలా కాదు. వాషింగ్టన్ డీసీని ఆనుకుని, మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న ఈ సిటీ జనాభా 2020 లెక్కల ప్రకారం 17,600 పైచిలుకు మాత్రమే. అయినా 1992 నుంచే ఇక్కడ సిటిజన్లు కానివాళ్లకూ సిటీ ఎన్నికల్లో ఓటుంది. మేయర్‌ను, తమ వార్డు కౌన్సిల్ సభ్యుడిని వాళ్లూ ఎన్నుకోవచ్చు. 2013లో ఓటు వయసును 16 ఏళ్లకు తగ్గించిన తొలి అమెరికన్ సిటీ కూడా ఇదే.

ఇదెలా సాధ్యం?
మేరీల్యాండ్‌లో సిటీ ఎన్నికల్లో ఎవరు ఓటేయాలో చాలావరకు ఆ సిటీలే నిర్ణయించుకోవచ్చు. ఇక్కడే ఉంటూ పన్నులు కట్టేవాళ్లకు రోడ్లు, చెత్త, పోలీసుల విషయంలో మాట చెల్లాలన్నదే వీళ్ల లాజిక్.

మనవాళ్లు ఇది గమనించాలి
గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న తెలుగువాళ్లు అమెరికాలో ఎందరో. అక్కడ ఉండేవాళ్లకు ఇది మంచి ఛాన్సే. కానీ జాగ్రత్త! సిటిజన్లు కానివాళ్ల పేర్లు సిటీ సొంత లిస్టులోనే ఉంటాయి. ప్రెసిడెంట్, కాంగ్రెస్, రాష్ట్ర ఎన్నికల్లో ఈ ఓటు చెల్లదు. అక్కడ ఓటేస్తే కేసులే. ఏ ఫారంలోనైనా 'నేను సిటిజన్‌ని' అని తప్పుగా టిక్ పెట్టినా గ్రీన్‌కార్డు చిక్కుల్లో పడొచ్చు. సంతకం పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చదవండి.