ఇప్పనూనె – కానుగనూనె

మనలో చాలామంది ఇళ్లల్లో ఇప్పనూనె ఉంటది. చలికాలం అది సీసాలోనే నెయ్యిలాగ గడ్డ కడుతుంది. మా అవ్వ సీసాను ఎండలో పెట్టి కరిగిస్తది. కానుగనూనె మాత్రం అంత తొందరగా గట్టిపడదు. రెండూ గింజల నూనెలే కదా, మరి ఈ తేడా ఎందుకు?

నూనె అంటే గ్లిజరాల్ అనే పదార్థానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉండటం. పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు నిటారుగా ఉంటాయి. తిన్నని కట్టెలు మోపులో దగ్గరగా చేరినట్టు చేరి గట్టిపడతాయి. ఒలియిక్ ఆమ్లం మధ్యలో వంగి ఉంటుంది. వంకర కట్టెలు మోపు కట్టుడు ఎంత కష్టమో మనకు తెలువదా! ఇప్పనూనెలో తిన్నని ఆమ్లాలు సగానికి దగ్గరగా ఉంటాయి. కానుగనూనెలో ఎక్కువ భాగం ఒలియిక్ ఆమ్లమే.

ఇప్పనూనెను కాచి కూరల్లో వాడతాం. కానుగనూనె మాత్రం తినకూడదు. అందులో కరంజిన్ అనే పదార్థం ఉంటుంది, చేదు. దీపానికి, సబ్బుకు పనికొస్తది. చెక్క పొలానికి ఎరువు.

కానుగనూనెతో ఇంజను కూడా నడుస్తది! అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలం పవర్‌గూడలో గోండు మహిళలు సంఘం పెట్టి కానుగ మొక్కలు నాటారు, గింజల నుంచి నూనె తీశారు. డీజిల్ కాలిస్తే భూమి లోపలి కార్బన్ కొత్తగా గాలిలో కలుస్తుంది. కానుగనూనె కాలిస్తే చెట్టు గాలి నుంచి తీసుకున్నదే తిరిగి పోతుంది. పదేళ్లలో అట్లా 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు ఇచ్చింది. చదువురాని ఆడవాళ్లకు ఏం తెలుసు అనేవాళ్లు ఈ సంగతి చదవాలి.

సికింద్రాబాద్ రోడ్ల పక్కన కూడా కానుగ చెట్లున్నాయి. ఎండాకాలం కాయలు రాలితే ఊడ్చి చెత్తలో పోస్తరు. సుమారు 4 కిలోల గింజలకు 1 కిలో నూనె, 3 కిలోల చెక్క వస్తాయి. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే ఈసారి సెలవులకు ముందే కాయలు ఏరుదాం. నూనె సంగతి తర్వాత, చెక్క అయితే మన బడితోటకు వేయొచ్చు. ఎవరెవరు వస్తరో ఈ కాగితం కింద పేర్లు రాయండి.