సాక్ష్యాధారిత ఫార్మసీ శిక్షణ

సాక్ష్యాధారిత ఫార్మసీ శిక్షణ అనగా ఔషధాల ఎంపికలో అలవాటుపై గాక పరిశోధన ఫలితాలు, రోగి స్థితి, రోగి అభీష్టాలపై ఆధారపడి నిర్ణయం తీసుకోవడాన్ని ఫార్మసీ విద్యార్థులకు ఆచరణలో నేర్పే పద్ధతి.

ఆవశ్యకత

గుండెపోటు తరువాత గుండె లయ తప్పినవారికి మరణముప్పు ఎక్కువ. కనుక లయను సరిచేసే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ప్రాణం కాపాడతాయని భావించేవారు. అయితే 'కాస్ట్' అనే అధ్యయనంలో ఈ మందులు వాడినవారిలోనే మరణాలు ఎక్కువని 1989లో తేలింది. తర్కానికి సబబుగా తోచిన చికిత్సను సైతం పరీక్షించి చూడాలని ఈ ఉదంతం తెలుపుతుంది.

విధానం

శిక్షణలో 5 దశలు ఉంటాయి.

* రోగి సమస్యను స్పష్టమైన ప్రశ్నగా మలచడం
* సంబంధిత పరిశోధనలను వెదకడం
* వాటి విశ్వసనీయతను తూచడం
* ఫలితాన్ని రోగికి అన్వయించడం
* పర్యవసానాన్ని సమీక్షించడం

వీటిలో మూడవది కీలకం. రోగులను యాదృచ్ఛికంగా విభజించారా, కొలిచినది ప్రాణరక్షణనా లేక పరీక్షలో కనబడే అంకెనా అని విద్యార్థి ప్రశ్నించాలి.

భారతదేశంలో

భారత ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సుకు నిబంధనలు వెలువరించింది. చివరి సంవత్సరం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో 6 నెలలు సాధారణ వైద్య విభాగంలోనూ, తక్కిన కాలం మరి మూడు విభాగాలలో రెండేసి నెలల చొప్పున గడపాలి.