ఇనుప కొండ నీడన ఇనుము లేని రక్తం

రాజధానిలో ప్రతి సంగతికీ ఒక ఋతువుంటుంది. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో స్థూలకాయాన్ని ప్రస్తావించి, వంటనూనె వాడకాన్ని నూటికి పది పాళ్లు తగ్గించుకోవలసిందని కోరినప్పుడు, కొన్ని వారాల పాటు మా విలేకరులందరికీ నడుము కొలతలే ముచ్చటైనాయి. అంతకు చాలాకాలం ముందే, 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్న వార్తలను కూడ మేము ఆసక్తిగానే రాశాము. అయితే మేము రాసేది ఆపరేషన్ నాటి వార్త. పదిహేను, ఇరవై సంవత్సరాల తరువాతి వార్తను ఎవరూ రాయరు. ఆ వార్త నాకు దొరికింది ఢిల్లీలో కాదు. బస్తరు అడవుల నడుమ బచేలిలో.

కిరండూల్ పోయే పాసెంజరులో విశాఖపట్నంలో పొద్దున్నే కూర్చుంటే, అరకు కొండల సొరంగాలన్నీ దాటి, కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా బచేలి చేరేసరికి చీకటి పడుతుంది. ఎదురుగా వచ్చే గూడ్సు బండ్లనిండా ఎర్రని ఇనుప ఖనిజమే. ఎద్దు మూపురంవలె కనిపిస్తుంది గనుక ఆ కొండల వరుసకు బైలడీలా అని పేరు వచ్చింది. 1968లో కిరండూల్ వైపున, 1977లో బచేలి వైపున జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వకాలు మొదలుపెట్టింది. జపాను కొలుములకూ, విశాఖ ఉక్కు కర్మాగారానికీ వెళ్లిన ఖనిజం ఇక్కడిదే. నూటికి అరవై పాళ్లకు మించి ఇనుమున్న రాయి అది. ఆ రాయిని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బచేలి వీధుల్లో అడుగడుగునా కనిపిస్తాయి.

అటువంటి కుటుంబమే నా చిన్ననాటి మిత్రునిది. బడిలో మేమిద్దరం ఒకే బల్లమీద కూర్చునేవాళ్లం. అతడు గనిలో ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇంగ్లీషు డిగ్రీ చంకన పెట్టుకుని పత్రికలో చేరాను. ముప్ఫయి అయిదేళ్లు దాటేసరికి అతని బరువు నూటముప్ఫయి కిలోలైంది. మధుమేహం, రక్తపుపోటు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం వరుసగా తోడైనాయి. 2007లో ఒక మహానగరంలోని ఆసుపత్రిలో గాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాడు. ఏడాదిన్నరలో యాభై కిలోలు తగ్గాడు. చక్కెర మాత్రల అవసరం తీరింది. "పునర్జన్మరా!" అని నాకు ఉత్తరం రాశాడు.

నిరుటి శీతకాలంలో ఆ ఇంట భోజనానికి కూర్చున్నాను. అతని కంచంలో ఒక కోడిగుడ్డు, ముద్దపప్పు, గుప్పెడైనా లేని అన్నం. ఆ కాస్త తినడానికి అరగంట పట్టింది. భోజనం మధ్య మంచినీళ్లు ముట్టలేదు. అతని భార్య నాకు అరిసెలు వడ్డిస్తూ, "ఆయనకు తీపి పెట్టకూడదన్నయ్యగారూ. ఒక్క ముక్క తిన్నా చెమటలు పోసి, గుండె దడ పుట్టి పడిపోతారు," అన్నది. తీపి చిన్న ప్రేగులోకి ఒక్కసారిగా జారిపడితే కలిగే అవస్థ అది.

అసలు కథ అంతకంటె లోతైనది. ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా విడదీసి, ప్రేగు మొదటి భాగాన్ని తప్పించి ఆహారానికి దారి మళ్లిస్తారు. మనం తిన్న ఇనుము ప్రధానంగా రక్తంలోకి చేరేది ఆ తప్పించిన భాగంలోనే. బి12 విటమిను ఒంటబట్టడానికి జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం తోడు కావాలి. అదీ సరిగా అందదు. అయితే కాలేయంలో బి12 నిలవ కొన్ని సంవత్సరాలకు సరిపడా ఉంటుంది. అందుచేత నష్టం వెంటనే బయటపడదు. రోగి తనకు పూర్తిగా నయమైందని నమ్మి మాత్రలు మానేసిన తరువాత, తాపీగా బయటపడుతుంది.

నా మిత్రుడు చేసినదీ అదే. నాలుగో ఏట మాత్రలు మానేశాడు. తొమ్మిదో ఏట కొండమీది ఆకాశ్‌నగర్‌లో బస్సు దిగి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వయసు మీద పడుతున్నదనుకున్నాడు. చివరకు ఒక వైద్యుడు, "ఎప్పుడైనా పొట్టకు ఆపరేషన్ జరిగిందా?" అని అడిగాడు. అప్పటికి రక్తంలో హిమోగ్లోబిన్ ఏడుకు దిగిపోయింది. పాత కాగితాల కోసం ఇల్లంతా వెతికారు, దొరకలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎప్పుడో మరో ఊరికి మారిపోయాడు.

అతడు కిటికీలోంచి కొండను చూపించి, "ఇరవై ఏళ్లకు పైగా దీన్ని తవ్వి రైళ్లకెత్తుతున్నాను. నాకు మాత్రం నరంలోకి సూదితో ఎక్కించాలి చూడు ఇనుము!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు అతనివెంట ఆసుపత్రికి వెళ్లాను. వరుసలో అతని ముందు ఒక గోండు యువతి బిడ్డనెత్తుకుని నిలబడివుంది. ఆమెకూ రక్తం చాలదట. తినడానికి చాలక ఒకరు, తిన్నది ఒంటబట్టక ఒకరు, ఒకే ఇనుప కొండ కింద ఒకే మందు కోసం నిలబడ్డారు.

ఈ వైద్యం చరిత్ర చూస్తే మనుషులు ఎంత మూల్యం చెల్లించి నేర్చుకున్నారో తెలుస్తుంది. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో మొదలైన తొలినాటి పద్ధతిలో చిన్న ప్రేగులో అధికభాగాన్ని తప్పించేవారు. బరువు తగ్గింది. కాని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కొందరికి కాలేయం చెడిపోవడం కూడ వెంటవచ్చాయి. దానితో ఆ పద్ధతిని విడిచిపెట్టారు. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ ప్రారంభించిన గాస్ట్రిక్ బైపాస్ మెరుగుపడుతూ నిలిచింది. స్థూలకాయులలో ఈ చికిత్సలు మరణాలను తగ్గించాయని స్వీడన్ వైద్యులు 2007లో వెల్లడించారు. కనుక దోషం కత్తిది కాదు. కుట్లు ఆరగానే కథ ముగిసిందనుకోవడం దోషం.

ఇక్కడ ఢిల్లీ పెద్దలు ఆలోచించవలసింది ఒకటున్నది. నిర్ణీతమైన బరువు, జబ్బులు ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స ఖర్చును ఆరోగ్య బీమాలో చేర్చడానికి బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు ఏర్పరచింది. మంచిదే. మరి ఆ తరువాత యావజ్జీవం చేయించుకోవలసిన రక్తపరీక్షలు, సూదిమందులు, మాత్రల మాటేమిటి? సాధారణంగా బీమా చూసేది మంచం ఎక్కిన రోగినే. నడచివచ్చే రోగిని కాదు. శస్త్రచికిత్స జరిగిన ప్రతివ్యక్తి చేతిలో, ఏ ప్రేగును ఎక్కడ కలిపారో, ఏ పరీక్ష ఎన్నాళ్లకు చేయించాలో, నొప్పి మాత్రలు మింగితే అతుకు దగ్గర పుండుపడే ప్రమాదమెంతో వివరించే ఒక కార్డు ఉండాలని చట్టసభలో ఎవరైనా అడగరాదా? దానికి కోట్ల రూపాయలు అక్కరలేదు.

తిరుగుప్రయాణం నాటి ఉదయం మిత్రుని కుమార్తె నా దగ్గర కూర్చున్నది. ఇరవై అయిదేళ్ల పిల్ల. తండ్రి పోలికే, తండ్రి ఒళ్లే. డాక్టరు ఆమెకు కూడ శస్త్రచికిత్స సూచించారట. "మీరేమంటారు పెదనాన్నా?" అని అడిగింది. నేను మాట తడుముకుంటుండగా తండ్రే జవాబు చెప్పాడు. "ఆ రోజు మళ్లీ వస్తే నేను మళ్లీ చేయించుకుంటానమ్మా. అది చేయించుకోకపోతే ఇప్పటికి ఫొటోకు దండ వేసేవారు. కాని మాత్రలు మాత్రం మానను."

ఆ పిల్ల లేచి ఒక నోటుపుస్తకం తెచ్చింది. తండ్రి చెబుతుంటే రాసుకున్నది: కాల్షియం మాత్రకూ ఇనుము మాత్రకూ రెండు గంటల ఎడం, ఇనుము మాత్రతో టీ కూడదు, ఏటా రక్తపరీక్ష, కడుపునొప్పి ఆగకుండా వస్తే ఆలస్యం చేయరాదు. ఆపరేషన్ సంగతి ఇంకా నిర్ణయించుకోలేదు. నోటుపుస్తకం మాత్రం ముందే మొదలైంది.