నడుముకు వేలాడిన శిల్పం

కిమోనోకి జేబు ఉండదు. జపాన్ వాళ్ళ పాత దుస్తుల గురించి ఇంకేమీ తెలియకపోయినా ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, నెట్సుకే ఎందుకు పుట్టిందో అర్థమైపోతుంది. కిమోనో చేతుల్లో చేతిరుమాలో, మడిచిన కాగితమో పడుతుంది. డబ్బు, పొగాకు, మందుల పెట్టె లాంటివి అక్కడ నిలవవు. అందుకని అవన్నీ చిన్న సంచుల్లో, పెట్టెల్లో పెట్టి, వాటికి తాడు కట్టి, నడుముకు చుట్టుకునే ఓబి అనే పట్టీ లోపలి నుంచి ఆ తాడును పైకి తీసేవాళ్ళు. తాడు కిందికి జారకుండా పై కొసన ఏదో ఒక బిళ్ళ ఉండాలి కదా, ఆ బిళ్ళే నెట్సుకే. అది ఓబి పై అంచు మీద ఆనుకుని ఉంటే, సంచి కింద వేలాడుతుంది. మధ్యలో ఓజిమే అనే పూస ఒకటుంటుంది. దాన్ని కిందికి జరిపితే సంచి మూతి బిగుస్తుంది.

ఈ ఇబ్బంది మా కోనసీమ పెద్దవాళ్ళకి వివరించి చెప్పక్కర్లేదు. పంచెకూ జేబు లేదు. మా తాతగారి రొంటిన లంక పొగాకు చుట్ట, అగ్గిపెట్టె, సున్నపుకాయ, అడకత్తెర ఉండేవి. ఇనప్పెట్టె తాళంచెవి మొలతాడుకు ఉండేది. మనవాళ్ళు పంచె మడతలో దోపుకుని సరిపెట్టుకున్నారు, వాళ్ళు తాడు కట్టి వేలాడదీశారు. మడతలో దోపుకున్నది ఎవరికీ కనపడదు. ఓబి మీద కూర్చున్న బిళ్ళ ఎదుటివాడి కళ్ళకు సూటిగా కనపడుతుంది. కనపడేదాన్ని అందంగా చెక్కించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

నేను డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మాది కొత్తపేట దగ్గర. పాత అడకత్తెరలూ సున్నపుకాయలూ పోగుచేయడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. అంబాజీపేట, రాజోలు, అమలాపురం సంతల్లో, పాత ఇత్తడి కొనేవాళ్ళ బస్తాల్లో వెతికి తెచ్చుకున్నవి. మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. దాని దగ్గరికి వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో నెట్సుకేలు చూశాను. జాన్, ఆన్ హల్ గ్రండీ అనే దంపతులు సేకరించి ఇచ్చేసిన పెద్ద సేకరణ అక్కడుంది. అద్దం వెనక ఉన్న వస్తువుతో నాకు తృప్తి కలగదు. అమ్మాయే చెప్పింది, ఇక్కడి వేలంశాలల్లో వేలానికి ముందు సరుకు చూడనిస్తారు నాన్నా, అడిగితే చేతికిస్తారని. అలా నా చేతికొచ్చిన చెక్క కప్పను తరవాత అమ్మాయే నా పుట్టినరోజుకని వేలంలో పాడి తెచ్చింది.

అది గడ్డి చెప్పు మీద కూర్చున్న కప్ప. పొడవు నాలుగు సెంటీమీటర్లు. చెక్క బాక్స్‌వుడ్, జపాన్ వాళ్ళు త్సుగే అంటారు. సన్నటి పోగున్న గట్టి కర్ర, ఎంత సూక్ష్మంగా గీసినా పెచ్చు లేవదు. కప్ప వీపు మీద గరుకు బుడిపెలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. కళ్ళకు నల్లటి ముక్కలు పొదిగారు. చెప్పు అల్లికలో ఒక్కో గడ్డిపోచ ఎక్కడ పైకి లేచి ఎక్కడ కిందికి దిగిందో చూపుడువేలితో తడిమి చెప్పవచ్చు. తిరగేస్తే అడుగున కూడా అదే అల్లిక. ఎవరూ చూడని అడుగుభాగంలోనూ పనివాడు శ్రద్ధ తగ్గించలేదు.

ఆ అడుగునే రెండు కన్నాలున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. తాడు రెండింటిలోంచీ దూరి ముడి పడుతుంది, ముడి పెద్ద కన్నంలో దాక్కుంటుంది. చిన్న కన్నం అంచు ఒక పక్కకు అరిగి నున్నబడింది, ఏళ్ళ తరబడి తాడు లాగిన వైపు. కప్ప వీపు మీద బుడిపెలు కూడా అంతటా ఒకేలా లేవు. బట్టకు రాసుకున్న చోట పల్చబడి, రాసుకోని చోట పదునుగా ఉన్నాయి. ఈ అరుగుదలను సేకర్తలు దోషంగా చూడరు. చేతి చమురు, బట్ట రాపిడి కలిసి ఇచ్చిన ఆ మెరుపుకే ఎక్కువ విలువ కడతారు. నా మట్టుకు నాకు నెట్సుకేలో ఉన్న గొప్పంతా ఇదే. శిల్పి సగం చేశాడు, వాడుకున్నవాడు తెలియకుండానే మిగతా సగం పూర్తి చేశాడు.

పని కోసం పుట్టిన వస్తువు కాబట్టి దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పొడుచుకొచ్చే కొనలు ఉండకూడదు, బట్ట చిరుగుతుంది. సన్నగా సాగిన కాళ్ళూ కొమ్ములూ ఉండకూడదు, విరుగుతాయి. అందుకే ఎద్దు కాళ్ళు ముడుచుకుని పడుకునే ఉంటుంది, ఎలుక తన తోకను ఒంటికి చుట్టుకునే ఉంటుంది. క్యోటోలో తొమొతాదా అనే పనివాడు చెక్కిన ఎద్దులకు ఎంత గిరాకీ అంటే, వాటికి ఆ రోజుల్లోనే నకళ్ళు వచ్చేశాయి. 1781లో ఒసాకాలో ఇనాబా త్సూర్యూ అచ్చువేసిన సోకెన్ కిషో అనే ఏడు సంపుటాల పుస్తకంలో యాభైకి పైగా నెట్సుకే పనివాళ్ళ పేర్లున్నాయి. అసలు అది కత్తుల అలంకరణల మీద రాసిన పుస్తకం. అందులో వీళ్ళకీ చోటిచ్చాడంటే అప్పటికే ఆ పనికి ఎంత పేరుందో ఊహించుకోండి.

ఎదో కాలం, అంటే 1603 నుంచి 1868 వరకు, ఈ కళకు మంచి రోజులు. వర్తకుల దగ్గర డబ్బు చేరింది. కానీ ఎవరు ఏ బట్ట కట్టాలో, ఎంత ఆడంబరం చూపవచ్చో ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పైకి సాదాగా కట్టుకుని, నడుము దగ్గర నాలుగు సెంటీమీటర్ల వస్తువు మీద డబ్బు పోయడం వాళ్ళకు దొరికిన దారి. పోర్చుగీసు వాళ్ళ వెంట వచ్చిన పొగాకు అలవాటు కూడా తోడైంది. పొగాకు సంచికి, పొగ తాగే గొట్టం ఒరకు నెట్సుకే కావాలి. దంతం కూడా వాడారు. షామిసెన్ అనే తంత్రీ వాద్యాన్ని మీటే పెద్ద మీటను దంతంతో చేసేవాళ్ళు, మిగిలిన ముక్కోణపు ముక్కలు నెట్సుకే పనివాళ్ళకు చేరేవి. పాత దంతపు నెట్సుకేలు కొన్ని మూడు పలకలుగా ఉండడానికి కారణం అదే. ఇంకా జింక కొమ్ము, అడవిపంది కోర, వెదురు, లక్కపూత, పింగాణీ, అన్నీ వాడారు.

బొమ్మల్లో మన దేవుళ్ళున్నారని తెలిసినప్పుడు నాకు చాలా ఆనందమేసింది. జపాన్ వాళ్ళ ఏడుగురు అదృష్ట దేవతల్లో బెంజైటెన్ మన సరస్వతే, బౌద్ధంతో పాటు అక్కడికి చేరింది. వీణకు బదులు బివా అనే వాద్యం పట్టుకుంటుంది. కవచం తొడిగిన బిషామొన్ మన వైశ్రవణుడు, అంటే కుబేరుడు. ధాన్యపు బస్తాల మీద నిలబడి సుత్తి పట్టుకుని నవ్వే దైకొకు మన మహాకాలుడి నుంచి వచ్చినవాడు. మహాకాలుడు నవ్వుతూ బస్తాల మీద నిలబడడం మనం ఊహించలేం గాని, అక్కడి ఇళ్ళలో ఆయన అన్నానికి లోటు రానివ్వని దేవుడు. దక్షిణ భారతం నుంచి వెళ్ళాడని చెప్పే బోధిధర్ముడు దరుమా అయ్యాడు. తొమ్మిదేళ్ళు గోడకేసి కూర్చుని ధ్యానం చేసిన ఆయన లేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు చెక్కిన నెట్సుకేలు చాలా ఉన్నాయి.

1868 తరవాత జపాన్‌లో కోటు, ప్యాంటు, సిగరెట్టు వచ్చాయి. జేబు వచ్చింది, నెట్సుకేకి పని పోయింది. ఇళ్ళలో ఉన్నవి చాలావరకు యూరప్, అమెరికా వర్తకుల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. పారిస్‌లో షార్ల్ ఎఫ్రుస్సీ అనే ధనికుడు 264 నెట్సుకేలు కొన్నాడు. 1899లో వియన్నాలో తమ్ముడి వరస అయ్యే విక్టర్ పెళ్ళికి వాటిని కానుకగా పంపాడు. ఆ ఇంటి పిల్లలు వాటితో ఆడుకున్నారు. 1938లో నాజీలు ఆ యూదు కుటుంబం ఆస్తినంతా లాక్కున్నప్పుడు, అన్నా అనే పనిమనిషి రోజుకు రెండు మూడు చొప్పున తన ఏప్రన్ జేబులో వేసుకెళ్ళి పరుపులో దాచింది. యుద్ధం అయ్యాక ఒక్కటీ పోకుండా అప్పగించింది. ఆ వంశంవాడే అయిన కుండలశిల్పి ఎడ్మండ్ డి వాల్ 2010లో ఈ కథంతా పుస్తకంగా రాశాడు. 2018లో వాటిలో 79 వేలం వేసి ఆ డబ్బు శరణార్థుల సంస్థకు ఇచ్చాడు. పెద్ద పెద్ద చిత్రపటాలూ సామానూ పోయిన ఆ ఇంట్లో జేబులో పట్టేవి మిగిలాయి.

ఇక కొనాలనుకునేవాళ్ళకి. సంతకం లేని పాత చెక్క నెట్సుకే కొన్ని వందల పౌండ్లలో దొరుకుతుంది. పేరున్న పనివాళ్ళవి వేలల్లో, లక్షల్లో ఉంటాయి. 2011లో లండన్‌లో బాన్‌హామ్స్ వేలంలో గెచూ చెక్కిన కుక్క, కుక్కపిల్ల బొమ్మ రెండున్నర లక్షల పౌండ్లు దాటింది. కానీ సంతకాన్ని బట్టి కొనవద్దు, సంతకం చెక్కడమంత తేలిక ఇంకోటి లేదు. అడుగు తిరగేసి కన్నాలు చూడండి. అవి రెండూ ఒకే కొలతలో, డ్రిల్లు దింపినట్టు పదునైన అంచుతో ఉంటే అనుమానించండి. తాడు కట్టి వేలాడదీస్తే బొమ్మ ముఖం బయటికి తిరగాలి, పక్కకు ఒరిగిపోతే అది అమ్మకానికి చేసిన బొమ్మ. రెసిన్ పోతపోసినవాటికి పక్కన సన్నటి అతుకు గీత ఉంటుంది. ముడతల్లో ఉన్న మరక, పైకి లేచిన చోట ఉన్న మరక ఒకే రంగులో ఉంటే అది వాడకం వల్ల వచ్చింది కాదు, రంగులో ముంచింది. నా అడకత్తెరలు నేర్పిన పాఠం కూడా ఇదే. నిజంగా వక్కలు కత్తిరించినదానికి పిడి మీద బొటనవేలు ఆనే చోటే అరుగుతుంది, దాని మీద నగిషీగా ఉన్న చిలక బొమ్మ ముక్కు దగ్గర అరగదు.

మా కొత్తపేట శిల్పులకు పేరున్న ఊరు. రాజ్‌కుమార్ వుడయార్ గారి శిల్పశాలలో నాయకుల నిలువెత్తు విగ్రహాలు తయారవుతాయి. ముందు మట్టితో నమూనా, ఆ తరవాత కంచు. అక్కడ పని నేర్చుకునే కుర్రాళ్ళకి నేను నా కప్పను ఇచ్చి చూడమంటాను. ఎంత పెద్దది చేయాలన్నది అందరూ ఆలోచిస్తారు. ఎంత చిన్నదానిలో ఎంత నిజం చూపగలం అన్నది కూడా ఒక పరీక్షే. ఈనాటికీ జపాన్‌లో, బయటి దేశాల్లో కొత్త నెట్సుకేలు చెక్కేవాళ్ళున్నారు. జపాన్ రాజవంశీకుడు తకమాదో యువరాజు సేకరించిన కొత్తకాలపు నెట్సుకేలు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. కొబ్బరిచిప్పతో, టేకు ముక్కతో మన కుర్రాళ్ళు ఎందుకు చెక్కకూడదు?

దంతం సంగతి వేరు. మన దేశంలో ఏనుగుదంతం వ్యాపారం నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ మన ఏనుగు దంతం వ్యాపారాన్ని, 1991 సవరణ ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని ఆపేశాయి. వస్తువు వందేళ్ళ నాటిదన్నా మినహాయింపు లేదు. బ్రిటన్‌లో కూడా 2018 చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చాక, అత్యుత్తమ కళాఖండమని ధ్రువపత్రం తెచ్చుకుంటేనో, గుర్తింపు ఉన్న మ్యూజియానికి అమ్మితేనో తప్ప దంతపు నెట్సుకే అమ్మడానికి లేదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ముచ్చటపడి ఒకటి కొని సూట్‌కేసులో పెట్టుకొస్తే విమానాశ్రయంలో కేసవుతుంది. వాళ్ళకి ముందే చెప్పండి, కొంటే చెక్కదే కొనమని.

జపాన్ పనితనం మన దగ్గరే చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. తూర్పు దేశాల విభాగంలో జపాన్ పింగాణీ, సమురాయ్ కత్తులు ఉన్నాయి. చాలామంది అక్కడి పేరుమోసిన గడియారమూ, ముసుగు రెబెక్కా అనే పాలరాతి శిల్పమూ చూసి బయటికి వచ్చేస్తారు. మీరు ఆ విభాగానికి ఒక గంట కేటాయించండి.

ఇంకో మాట. మీ అటక మీద తాతగారి అడకత్తెరో, నాయనమ్మ సున్నపుకాయో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. అది ఎవరిదో, ఏ ఊరిదో ఒక చీటీ రాసి దానికి కట్టి ఉంచండి. చింతపండు పెట్టి మాత్రం తోమకండి.