ఉన్న నీటికి తగిన పైరు



మన అనంతపురము సీమలో ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చట నేల యున్న నీరుండదు; నీరున్న పెట్టుబడి యుండదు. ఉన్నదానిని దేనికెంత పంచవలెననుటయే సేద్యగాని నిత్యప్రశ్నము. ఈ ప్రశ్నమునే వాణిజ్య కళాశాలలలో పరిక్రియా పరిశోధన మను పేర విద్యార్థులకు బోధించుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటను శాస్త్రజ్ఞులు సేనల పనులను లెక్కలతో పరిశీలించుటచే ఈ శాస్త్రము ప్రబలెను. 1947లో అమెరికా గణితజ్ఞుడు జార్జి డాంట్‌జిగ్ ఇట్టి పంపకపు లెక్కలకొక చక్కని మార్గమును కనిపెట్టెను. 1949లో హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనశాలలో దీనికై యొక శాఖ యేర్పడెను.

మేము దీనిని మొదట ఒక గ్రామమున బీజగణితముతో చెప్పబోతిమి. వినువారు ఆవులించిరి. ఒక పెద్దరైతు, "సామీ, ఆ అక్షరాలొద్దు, చింతగింజలతో చెప్పండి" అనెను. నాటినుండి చింతగింజలే మా పలక.

ఆ రైతు చెప్పిన అంకెలివి. బోరు క్రింద 5 ఎకరములు. పంటకాలమంతటికి బోరు ఇచ్చునది ఎకరపు తడులు 42. వేరుసెనగకు ఎకరమునకు 6 తడులు, టమాటకు 12 తడులు కావలెను. ఖర్చులు పోగా ఎకరమునకు వేరుసెనగలో 15,000 రూపాయలు, టమాటలో 25,000 రూపాయలు మిగులును.

లాభ మెక్కువని టమాటయే వేసినచో నీరు మూడున్నర ఎకరములకే చాలును, మిగులు 87,500. అంతయు వేరుసెనగ వేసినచో మిగులు 75,000. 12 తడులు వృథా. గింజలను జరిపి జరిపి చూడగా 3 ఎకరములు వేరుసెనగ, 2 ఎకరములు టమాట వేసినప్పుడు నేలయు నీరును సరిపోయి 95,000 మిగులునని తేలెను. దీనిని మించిన పంపకము లేదు.

ఆ రైతు ప్రక్కనున్న ఎకరమును 8,000 రూపాయల కౌలుకు తీసికొనుటకై సంఘమున అప్పు కోరియుండెను. లెక్క చూచితిమి. నీరు పెరుగక నేల మాత్రము 6 ఎకరములైనచో మిగులు 1,00,000. హెచ్చినది 5,000, కౌలు 8,000. ఆ అప్పు అతనిని ముంచెడిదే! కాలువలో ఇంకిపోవు నీటిలో 6 తడులు దక్కించుకొన్నచో మిగులు 1,05,000 అగును. అనగా 10,000 అధికము. అతడు కౌలు మాని, ఆ అర్జీని గొట్టములకై మార్చుకొనెను.

అయితే ధరయు నీరును మన చేతిలోనివి కావు. టమాటలో మిగులు 15,000కు తగ్గక, 30,000 దాటక యున్నంతవరకు పై పంపకమే మేలు. 15,000కు తగ్గినచో అంతయు వేరుసెనగయే వేయవలెను. బోరు తగ్గి 30 తడులే వచ్చినను అంతే. కనుక విత్తుటకు ముందు మంచి యేటికొకటి, చెడ్డ యేటికొకటి, రెండు లెక్కలు వేసికొనుడు. చెడ్డ యేటి లెక్కలో తీరని అప్పును చేయకుడు.

పై అంకెలు ఒక్క కమతమునకు చెందినవి. మీ తడులు, మీ ఖర్చులు మీరే వ్రాసికొని సంఘ సమావేశమునకు తెండు. చింతగింజలు మేము తెత్తుము.